చిత్తు కాగితాల పెట్టె

గురువారం మధ్యాహ్నం పన్నెండు దాటినా ఆ కాగితం మీద ఎవరూ సంతకం పెట్టలేదు.

స్కూలు వాళ్ళిచ్చిన కవరు మంగళవారం నుంచీ బైండింగు బల్ల మీద, జిగురు గిన్నెకి జానెడు దూరంలో ఉంది. అందులో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి తల్లిదండ్రుల అనుమతి పత్రం. రెండోది అమ్మాయి తన చేత్తో నింపాల్సిన ఫారం. దాన్ని ఆ రోజే లోపలికి పట్టుకుపోయింది. రెండూ తీసుకుని ఇవాళ నాలుగు గంటలకి కౌన్సెలర్ గదికి రమ్మన్నారు. కౌన్సెలర్ ఆ స్కూలుకి వారానికి ఒక్కరోజే వస్తుంది. ఈ గురువారం తప్పితే మళ్ళీ గురువారం. ఆ మర్నాడే పెద్ద పరీక్షలు మొదలు.

సోమవారం జరిగిన పదో తరగతి ప్రీఫైనల్ లెక్కల పరీక్షలో అమ్మాయి మూడు గంటలూ కదలకుండా కూర్చుని తెల్లకాగితం ఇచ్చి వచ్చింది. పూర్తిగా తెల్లది కూడా కాదు. పేరు రాసింది, నంబరు వేసింది, ప్రతి పేజీకీ స్కేలుతో మార్జిను గీసింది. "నా సర్వీసులో ఇంత శుభ్రమైన ఖాళీ పేపరు చూడలేదమ్మా" అన్నారు లెక్కల మాష్టారు. వెక్కిరించి ఉంటే తల్లి తట్టుకునేది. ఆయన ఆ మాట కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు.

ఎందుకు రాయలేదని ఇంట్లో ముగ్గురూ మూడు రకాలుగా అడిగారు. ముగ్గురికీ ఒకటే జవాబు వచ్చింది. మొదటి లెక్కలో ఒక అంకె తప్పు పడేలా అనిపించింది. కొట్టివేత లేకుండా ఎలా చెయ్యాలా అని మనసులో చేసి చూసుకుంటూ ఉంది. ఇంతలో గంట కొట్టేశారు.

పెద్ద పరీక్షల్లో కూడా ఇలాగే జరిగితే ఏడాది పోతుంది. ఆ మాట ఇంట్లో ఇంకా ఎవరూ పైకి అనలేదు.

ముందు గది తండ్రి బైండింగు దుకాణం. వెనక రెండు గదులు ఇల్లు. మధ్యలో తలుపు లేదు, తెర ఒక్కటే. ఈ ఇంట్లో రహస్యాలు నిలవవని బైండరు అక్క అంటూ ఉంటుంది. ఆవిడ తమ్ముడి దుకాణంలోనే కిటికీ పక్కన కూర్చుని పుస్తకాలు కుడుతుంది. పళ్ళ మధ్య దారం పెట్టుకుని మాట్లాడుతుంది కాబట్టి ఆవిడ మాటలన్నీ కొంచెం బిగించినట్టు వస్తాయి. మేనకోడలికి స్కేలమ్మ అని పేరు పెట్టింది ఆవిడే.

తల్లి ఆ రోజు సెలవు పెట్టింది, అమ్మాయిని బడికి పంపలేదు. పెద్దాసుపత్రిలో చీటీలు రాసే కౌంటరు ఆమెది. కంటికీ పంటికీ వచ్చినవాళ్ళు గట్టిగా చెబుతారు. మనసు డాక్టరు కూర్చునే పద్నాలుగో నంబరు గదికి వచ్చినవాళ్ళు మాత్రం కిటికీలోకి తల వంచి, డాక్టరు పేరు చెప్పకుండా నంబరు చెబుతారు. కొందరు అదీ చెప్పరు, పది వేళ్ళూ చూపించి మళ్ళీ నాలుగు చూపిస్తారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ వేళ్ళు చూస్తోంది.

పరీక్షలయ్యాక చూద్దామని ఆమె పొద్దున్నుంచీ నాలుగోసారి అంది. సెలవుల్లో ఎక్కడైనా, మనల్ని ఎరగని చోట చూపిద్దామంది. స్కూల్లో ఆ గది ముందు బెంచీ మీద కూర్చుంటే బడి వదిలేలోగా అందరికీ తెలుస్తుంది.

"నేను రోజూ చూస్తున్నాను కదా వదినా. చీటీ పట్టుకుని ఎడమవైపు తిరిగితే చాలు, వరుసలో ఉన్నవాళ్ళందరూ మెడలు తిప్పుతారు."

"తిప్పనీ" అంది అక్క. "మెడ పట్టేస్తే వాళ్ళకీ ఓ చీటీ రాసిద్దువుగాని."

తల్లికి నవ్వు రాలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని అక్క ఈసారి నెమ్మదిగా అంది. ఇది గోరో గొడ్డలో తెలిస్తే కదా అని తల్లి అంది.

అమ్మాయిని అడిగితే అసలు సమస్యే లేదు. ఈ ఏడాది కౌన్సెలర్ మేడమ్ రెండుసార్లు పిలిపిస్తే రెండుసార్లూ బాగానే ఉన్నానని చెప్పి వచ్చేసింది. మొన్న రాత్రి భోజనాల దగ్గర మాత్రం ఒక మాట అంది. "ఆ గదికి వెళ్తే నాలో తప్పుందని సంతకం పెట్టినట్టే. కొంచెం టైమివ్వండి, నేనే సరిచేసుకుంటాను." అంత శాంతంగా చెప్పిన పిల్లతో ఎవరు వాదిస్తారు?

బైండరు ఇటూ మాట్లాడలేదు, అటూ మాట్లాడలేదు. జిగురు ఆరేదాకా నోరు విప్పకూడదని నియమం ఉన్నట్టు ఉంటాడతను. పొద్దున తొమ్మిదింటి నుంచీ లైబ్రరీ వాళ్ళ పెద్ద నిఘంటువు పనిలో ఉన్నాడు. వెన్ను ఊడి వచ్చిన పుస్తకం. అట్టలు విప్పి, కొత్త వెన్ను కట్టి, ప్రెస్సులో బిగించి పెట్టాడు. దాని పక్కనే అమ్మాయి భౌతికశాస్త్రం రికార్డు ఉంది.

రికార్డుని పొద్దున్నే తెచ్చి పెట్టింది. శనివారం స్కూల్లో ఇవ్వాలి. నలభై ఒకటో పేజీలో గ్రాఫు గీత చివర సిరా ఆవగింజంత ఉబ్బింది. ఆ పేజీ మార్చాలి. మార్చడమంటే ఒక్క పేజీ కాదు. పుస్తకంలో కాగితాలు జంటలుగా మడిచి కుడతారు కాబట్టి ఒక ఆకు తీస్తే దాని జంట ఆకు కూడా ఊడి వస్తుంది. ఒక చుక్క కోసం నాలుగు పేజీలు మళ్ళీ రాయాలి. రాస్తుంది. ఆ రికార్డులో మొదట కుట్టిన కాగితం ఇంకా ఎంత మిగిలిందో కుట్టినవాడికే తెలియదు.

ఇది ఆరేళ్ళ అలవాటు. నాలుగో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం నోటు పుస్తకం మీద సిరా ఒలికిందని ఏడుస్తూ వచ్చింది. అతను కుట్టు విప్పి, ఆ ఆకు తీసేసి, కొత్తది పెట్టి కుట్టి ఇచ్చాడు. "చూడు, పేజీ పోయినట్టు ఎవరికైనా తెలుస్తుందా" అన్నాడు. పిల్ల పుస్తకాన్ని వెలుతురుకి పెట్టి చూసి, కళ్ళు తుడుచుకుని నవ్వింది. అతని పనితనానికి ఇంట్లో దొరికిన మొదటి మెచ్చుకోలు అది.

ఆ దుకాణంలో కాగితం నలపకూడదు. పనికిరానిదాన్ని చదునుగా, రాసిన వైపు కిందికి పెట్టి, బల్ల కింద చిత్తు కాగితాల పెట్టెలో వెయ్యాలి. పుస్తకాల వెన్నుకి లోపల అంటించడానికి పనికొస్తుంది. అమ్మాయి తీయించిన పేజీలన్నీ ఆ పెట్టెలోకే వెళ్ళాయి. అక్కడినుంచి ఊళ్ళో వాళ్ళ పుస్తకాల్లోకి.

*

ఒంటిగంటకి తెర పక్కకి జరిగింది. స్కేలమ్మ ఫారం పట్టుకుని వచ్చింది. తల నున్నగా దువ్వుకుని ఉంది. కుడిచేతి మధ్యవేలి మీద కాయ, పెన్ను పట్టుకునేచోట, ఎర్రగా ఉంది.

"నింపాను" అని తల్లికి ఇచ్చింది.

తల్లి కిటికీ దగ్గరికి వెళ్ళి పైకి చదివింది. పది ప్రశ్నలు. ఎడమవైపు ప్రశ్న, కుడివైపు జవాబు రాసే గడి. నిద్ర బాగా పడుతుందా? ఏడు గంటలు. చేసిన పని నచ్చక మళ్ళీ మళ్ళీ చేస్తుంటావా? అవసరమైతేనే. తప్పు చేస్తానని భయం వేస్తుందా? అందరికీ వేసినంతే. ఏడో ప్రశ్న, నీ ఇబ్బంది గురించి ఇంట్లో ఎవరికైనా చెప్పావా? చెప్పడానికి ఏమీ లేదు.

చదువుతున్నకొద్దీ తల్లి గొంతు తేలికపడింది. చూశారా అన్నట్టు భర్త వైపు చూసింది. దీన్నే కవరులో పెట్టి పంపేద్దామంది. ఇందులో ఏమీ లేనప్పుడు మనిషి వెళ్ళి కూర్చోవడం ఎందుకు?

"స్కేలమ్మా" అంది అక్క సూది ఆపకుండా. "దీనికి నూటికి ఎన్ని రావచ్చు?"

అమ్మాయి నవ్వబోయి ఆగింది. "మార్కులుండవు అత్తా."

"మరెందుకే అంత బాగా రాశావు?"

బైండరు చెయ్యి చాపాడు. తల్లి ఫారం అతని చేతిలో పెట్టింది. అతను చదవలేదు. బొటనవేలూ చూపుడువేలూ మధ్య అంచుని ఒకసారి రుద్దాడు. ఇంకోసారి రుద్దాడు.

"ఇది స్కూలు కాగితం కాదు" అన్నాడు.

కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

"వాళ్ళది గరుకు కాగితం. పసుపు రంగు. మంగళవారం కవరులోంచి తీసింది నేనే. ఇది మన కట్టలోది."

తల్లి దగ్గరికి వచ్చి చూసింది. అప్పుడు కనిపించింది. పైన స్కూలు పేరు, ప్రశ్నలు, అంకెలు, గళ్ళు, కింద సంతకం గీత, అన్నీ చేత్తో రాసినవే. అచ్చు వేసినంత సమంగా ఉన్నాయి. ఇంతసేపు ఆమె అచ్చు అనుకునే చదివింది.

"అసలుది ఏమైందమ్మా?" అన్నాడు బైండరు.

"పాడైంది."

"ఎలా పాడైంది?"

"రాశాను" అంది అమ్మాయి.

దుకాణంలో సూది ఆగింది.

ఇది ఎన్నోదని అడిగాడు. నాలుగోదని చెప్పింది. ముందు మూడింట్లో గళ్ళు సమంగా రాలేదట. మిగతావి ఎక్కడున్నాయంటే పెట్టెలో వేశానని, అన్నీ చదునుగానే వేశానని చెప్పి, ఎవరూ ఇంకేమీ అడక్కముందే లోపలికి వెళ్ళిపోయింది. తెర కొంచెంసేపు ఊగి నిలబడింది.

*

పెట్టెలో మూడు తెల్ల కాగితాలు ఉన్నాయి. పసుపుది లేదు.

బైండరు పెట్టె మొత్తం బల్ల మీద బోర్లించాడు. ఒక్కొక్క కాగితాన్నీ తిప్పి చూశాడు. అలా తిప్పి చూడటం అదే మొదటిసారి. చిన్ననాటి గుండ్రటి అక్షరాలు, నిరుటి వాలు అక్షరాలు. పటం గీసిన పేజీ ఒకటి, నదులన్నీ నీలంగా, ఎక్కడా అంచు దాటకుండా ఉంది. ఎందుకు తీయించిందో ఎంత వెతికినా తెలియలేదు. తప్పు కనిపిస్తే బాగుండునని వెతికాడు.

తర్వాత అతని చూపు ప్రెస్సు వైపు వెళ్ళింది.

లావు పుస్తకాలకి వెన్ను విరగకుండా ఒక కాగితాన్ని నిలువునా మూడు మడతలు పెట్టి, గొట్టంలా చేసి అంటిస్తారు. పైన గుడ్డ వేస్తారు. పొద్దున పెట్టెలో చెయ్యి పెట్టి పైన దొరికిన కాగితం తీశాడు. మడతపెడుతుంటే గరుకుగా తగిలింది. గట్టిగా ఉంది, నిఘంటువుకి బాగా ఆగుతుంది అనుకున్నాడు. అంతే అనుకున్నాడు.

ప్రెస్సు విప్పాడు. అక్క అడక్కుండానే బట్ట తడిపి పిండి ఇచ్చింది. తడిబట్ట వెన్ను మీద కప్పి, పావుగంట ఆగి, చెక్క పలక అంచుతో గుడ్డని నెమ్మదిగా లేపాడు. దాని కింద పసుపు కాగితం కనిపించింది. కింది మూల కొంచెం చిరిగింది. మొదటి మడత తెరుచుకుంది.

కుడివైపు గళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. జవాబులే ఉన్నాయి, ప్రశ్నలు రెండో మడతలో ఉన్నాయి. అక్షరాలు తొందరగా రాసినవి. రెండు చోట్ల కొట్టివేతలు. అన్నిటికంటే అవి అతన్ని భయపెట్టాయి. తన కూతురు కొట్టేసిన అక్షరాన్ని అతను ఎప్పుడూ చూడలేదు.

చూడకూడదనుకుంటూనే ఒక గడి చదివాడు.

*నాన్నకి తెలుసు. పేజీలు మార్చేది నాన్నే.*

"మిగతాది చదవకు" అంది అక్క. "అది నీకు రాసింది కాదు."

అతను తడిబట్ట మళ్ళీ కప్పేశాడు. తల్లి తెల్ల ఫారం తెచ్చి పక్కన పెట్టి, పైనుంచి గళ్ళు లెక్కపెట్టింది. ఏడోది. ఇంట్లో ఎవరికైనా చెప్పావా?

"మీకు తెలుసా?" అని అడిగింది. నిష్ఠూరంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది.

"మారుస్తున్నానని తెలుసు" అన్నాడు. "ఎందుకు మారుస్తున్నానో తెలియదు."

దాచాలనుకున్న పిల్లయితే ముక్కలు చేసి పారేసి ఉండేదని అక్క అంది. అలా చెయ్యకుండా తెచ్చి నీ చేతి కింద పెట్టిందంది. రాసిన వైపు కిందికి పెట్టింది కదా అక్కా అన్నాడతను.

"అలా పెట్టమన్నది నువ్వే కదరా."

తల్లి బల్ల దగ్గర నిలబడి ఉంది. రోజూ చీటీలు రాసే పెన్ను సంచిలోంచి తీసింది. అనుమతి పత్రాన్ని దగ్గరికి లాక్కుని సంతకం పెట్టింది. తేదీ వేసింది. ఆపైన పెన్ను మూత పెడుతూ, తను మాత్రం గేటు బయటే ఉంటానని, లోపలికి మీరిద్దరూ వెళ్ళండని చెప్పింది.

*

అతను లోపలికి వెళ్ళేసరికి అమ్మాయి మంచం మీద కూర్చుని మోకాళ్ళ మీద స్కేలు పెట్టుకుని ఉంది. వెన్ను నుంచి ఊడదీసిన పసుపు కాగితాన్ని పాత వార్తాపత్రిక మధ్య పెట్టి తెచ్చాడు. పక్కన పెట్టాడు.

"చదివావా?"

"ఒక్క గడి. ఏడోది."

ఆమె తల వంచుకుంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"నీకు తెలుసనుకున్నాను" అంది.

"తెలియలేదమ్మా."

"ఇన్నేళ్ళు మార్చావు కదా."

"నువ్వడిగావు. మార్చాను."

"పేజీ పోయినట్టు తెలియకూడదని నువ్వే కదా నాన్నా చెప్పావు."

అతను కిటికీ ఊచ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. రికార్డు అయిందా అని అమ్మాయే అడిగింది. కాలేదన్నాడు. ఎప్పుడవుతుందంది.

"మార్చను" అన్నాడు.

"శనివారం ఇవ్వాలి."

"ఆ చుక్కతోనే ఇవ్వు."

"అయితే ఇవ్వను" అంది. గొంతు పెంచలేదు. ఇవాళ ఆకలిగా లేదన్నట్టు చెప్పింది. ఆ నెమ్మదిలో నిజంగానే ఇవ్వదని అతనికి అర్థమైంది. ఒప్పేసుకుందామని నోటిదాకా వచ్చింది. పావుగంట పని. పావుగంటలో ఈ ఇంట్లో అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. ఆరేళ్ళుగా జరిగింది అదే.

నోరు మూసుకుని ఉండిపోయాడు.

ఆమె వార్తాపత్రిక తెరిచి చూసింది. జిగురు మరకలు, మడతలు, చిరిగిన మూల. సిరా రెండు చోట్ల పాకింది. "దీన్నెలా ఇస్తాను? ఎవరైనా ఇస్తారా ఇలాంటిది?"

"ఆ మూల నేను అతికి…" అని ఆగాడు. చెయ్యి అప్పటికే ముందుకు వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాడు.

అమ్మాయి ఆ చేతిని చూసింది.

"నిన్ను నేను తీసుకెళ్ళను" అన్నాడు. "నువ్వొస్తే పక్కన నడుస్తాను. మూడున్నరకి చెప్పులేసుకుని గుమ్మంలో ఉంటాను. ఏ కాగితం తెస్తావో నీ ఇష్టం. అసలు తేకపోయినా సరే."

మూడున్నరకి అతను గుమ్మంలో ఉన్నాడు. చంకలో ఆ రికార్డు ఉంది, ఎందుకు తీసుకున్నాడో అతనికే తెలియదు. మూడు నలభై దాకా తెర కదల్లేదు. తల్లి నాలుగుసార్లు గడియారం చూసింది. అక్క సూదిలోకి దారం ఎక్కించలేక కళ్ళజోడుని తిట్టుకుంది.

మూడు నలభై రెండుకి అమ్మాయి బయటికి వచ్చింది. చేతిలో కవరు ఉంది. నాలుగు అంచులూ అంటించి, మడత చెక్క పలకతో నొక్కి ఉంది. లోపల తెల్లదుందో పసుపుదుందో బయటికి తెలియదు. ఆ విషయంలో ఆమె బైండరు కూతురే.

*

దారిలో తండ్రీ కూతురూ ముందు, తల్లి పదడుగుల వెనక. గేటు దగ్గర తల్లి ఆగింది. వాళ్ళిద్దరూ మెట్లెక్కుతుంటే చూసింది. ఆ తర్వాత ఆమె కూడా లోపలికి వచ్చి, వరండాలో బెంచీ చివర, స్తంభం చాటున కూర్చుంది. ఎందుకొచ్చావని భర్త అడగలేదు.

సరిగ్గా నాలుగింటికి తలుపు తెరిచింది కౌన్సెలర్. నూలు చీర, చేతిలో సగం తిన్న బిస్కెట్టు. బిస్కెట్టు దాచుకోవాలని ఆవిడకి తోచలేదు. అనుమతి పత్రం చూసి తలూపి, ఫారం కోసం చెయ్యి చాపింది.

అమ్మాయి వెంటనే ఇవ్వలేదు. తర్వాత ఇచ్చింది.

కౌన్సెలర్ కవరు అంచు చింపి లోపలున్నది లాగింది. బెంచీ మీదినుంచి బైండరుకి రాత కనిపించలేదు. రంగు కనిపించింది. ముందు తెల్లటి అంచు. దాని వెనకే పసుపు.

రెండూ పెట్టింది. పసుపుది ఇంకా తడిగా ఉండగానే పెట్టినట్టుంది, జిగురు వల్ల తెల్లది దానికి అంటుకుపోయింది. కౌన్సెలర్ గోటితో విడదీయబోయింది. ఒక మూల చిరుగుతున్న చప్పుడు.

"ఆగండి మేడమ్" అంది అమ్మాయి. ఈ ఏడాదిలో ఆవిడతో బాగానే ఉన్నానని తప్ప మాట్లాడిన మొదటి మాట అది. "అలా లాగితే రెండూ చిరుగుతాయి. తడిబట్ట ఉందా? నేను తీస్తాను."

కౌన్సెలర్ బిస్కెట్టు నోట్లో వేసుకుని, పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. తలుపు మూసుకుంది.

లోపల కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

ఎంతసేపు పడుతుందని తల్లి గుసగుసగా అడిగింది. విడదీయడానికా అన్నాడతను.

నాలుగుంపావుకి బడి గంట కొట్టారు. తరగతుల తలుపులు తెరుచుకుని వరండా పిల్లలతో నిండిపోయింది. తల్లి లేచి నిలబడింది. గేటు వైపు రెండు అడుగులు వేసింది కూడా. ఇంతలో ఆ గుంపులోంచి అమ్మాయి బెంచీ స్నేహితురాలు ఊడిపడింది. నోరు మూతపడని పిల్ల, క్లాసంతా గలగల అని పిలుస్తారు.

"ఆంటీ, మీరేంటి ఇక్కడ?" అంది.

చుట్టూ పది తలలు తిరిగాయి. ఏ వైపు తిరుగుతాయో తల్లికి ముందే తెలుసు. స్తంభం మీద చెయ్యి వేసింది. ఫీజు కట్టడానికి వచ్చాననవచ్చు. టీసీ గురించి అనవచ్చు. కౌంటరు ముందు జనం చెప్పే అబద్ధాలన్నీ ఆమెకి కంఠతా వచ్చు.

"మా అమ్మాయి లోపల ఉంది" అంది. "దానికోసం కూర్చున్నాను."

వెనక్కి వచ్చి బెంచీ మీద, ఈసారి స్తంభానికి ఇవతల, కూర్చుంది. గలగల తలుపు మీది బోర్డు చూసింది. ఏదో అడగబోయి, మొదటిసారిగా మానేసి, సంచి సర్దుకుంటూ వెళ్ళిపోయింది. వరండా నెమ్మదిగా ఖాళీ అయింది. ఊడ్చే మనిషి ఆ చివరినుంచి చీపురు మొదలుపెట్టింది.

బైండరు ఒళ్ళో రికార్డు తెరిచి నలభై ఒకటో పేజీ చూశాడు. గీత చివర చుక్క. గీత మాత్రం ఎక్కడికి చేరాలో అక్కడికే చేరింది.

తలుపు ఓరగా తెరుచుకుంది. అమ్మాయి తల బయటపెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఇంకా తడిబట్ట ఉంది.

"నాన్నా, నిన్ను రమ్మంటున్నారు."

తల్లి కూడా లేచింది.

"నాన్న ఒక్కడే" అంది అమ్మాయి. "ఏడోదాని గురించి."

అతను రికార్డు భార్య చేతికిచ్చి లేచాడు. లోపల ఏమని చెప్పాలి? మొదటిసారి నువ్వు నవ్వావు, అందుకే మళ్ళీ మళ్ళీ మార్చానని చెప్పాలా? గుమ్మం దగ్గర చేతులు చూసుకున్నాడు. వేళ్ళ సందుల్లో పొద్దుటి జిగురు ఎండి తెల్లగా ఉంది. చొక్కా అంచుకేసి తుడిచాడు. వదల్లేదు. గోటితో గీకబోయాడు.

"పర్లేదు" అంది అమ్మాయి, తలుపు ఇంకాస్త తెరిచి పట్టుకుని. "అలాగే రా."